నేను చూసింది పందొమ్మిది మందినే

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ నెలాఖరులోగా నేనొక జవాబు చెప్పాలి. మెడిసిన్ వార్డుకు శిక్షణకు వచ్చే విద్యార్థుల బాధ్యత మార్చితో మొదలయ్యే వచ్చే ఏడాది కూడా నేనే చూస్తానా, వదిలేస్తానా? పొద్దున మా విభాగం హెడ్డుగారు మెట్ల మీద ఎదురుపడి అడిగారు. నా నోట్లోంచి "అలాగే సార్" రాబోతుండగా ఆయనకు ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ చేసినవాళ్లెవరో గానీ నూరేళ్లు చల్లగా ఉండాలి.

ఇప్పుడే ఎందుకు రాయాలంటే, నా నోటి మీద నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఒకటో తరగతి నుంచి ఈ రోజు వరకూ పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు ఏది చెప్పినా "అలాగే" అనడమే అలవాటైపోయింది. లోపలికి రానిచ్చారు, అదే పదివేలు అన్నట్టు. చేత్తో రాస్తే కాస్త నిదానంగా ఆలోచిస్తాను. కాబట్టి నెలాఖరు దాకా ఉన్నది ఉన్నట్టు రాసుకుని, చదువుకుని, తేల్చుకుంటాను.

నా ఉద్దేశం మాత్రం వదిలేయాలనే. అది ముందే రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఏడున్నరకు గది తాళం తీశాను. తలుపు మీద ఇంకా "సామాను గది" అనే ఉంది. లోపల నా బల్ల, మూడు విరిగిన చక్రాల కుర్చీలు, పనిచేయని ఈసీజీ మెషీను. విద్యార్థులు వస్తే ఆ చక్రాల కుర్చీల్లోనే కూర్చుంటారు. ఒకటి కొంచెం వెనక్కి జారుతుంది. దాంట్లో కూర్చున్నవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీ దాకా పోతారు.

ఎనిమిదింటికి ఇద్దరు డాక్టర్లు సెలవని మెసేజ్. అంటే వాళ్ల వెనక తిరగాల్సిన ఆరుగురు పిల్లలకు దిక్కు లేదు. ఎవరు ఏ డాక్టరు వెనక తిరగాలో చూపే ముప్పై ఇద్దరి చార్టు మళ్లీ మొదటి నుంచీ గీశాను. తొమ్మిదికి ఓపీ. బయట నలభై మంది రోగులు. పదకొండింటికి హెడ్ సిస్టర్ తలుపు తోసుకుని వచ్చింది.

"మేడమ్, మీ పిల్లల్ని కాస్త వెనక్కి పిలుచుకుంటారా? మూడో మంచం పెద్దాయన చుట్టూ తొమ్మిది మంది మూగారు. ఆయన నాకింక రోజులు దగ్గర పడ్డాయని కొడుక్కి ఫోన్ చేస్తున్నాడు."

"తొమ్మిది మందా? నేను ముగ్గుర్నే వేశానే!"

"మిగతా ఆరుగురూ అనాథలట. జనం ఎక్కడుంటే అక్కడ చేరారు."

ఓపీ ఆపి పరిగెత్తాను. "మీకేం ప్రమాదం లేదు తాతగారూ. వీళ్లు నేర్చుకోవడానికి వచ్చారు, అంతే."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అని ఫోన్ పెట్టేశాడు. "సరే, ఒక్కొక్కళ్లే రండి. నా పొట్టేమన్నా సంతా, అందరూ ఒకేసారి పడటానికి?"

తిరిగి వచ్చేసరికి ఓపీలో వరస రెండింతలైంది. ముందున్నావిడ నన్ను చూసి, "టీ తాగొచ్చావామ్మా?" అంది.

ఫిబ్రవరి 6, గురువారం

వదిలేస్తున్నాను. ఖాయం.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈ బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉంది. తోటివాళ్లు "మౌనవ్రతం" అని పిలుస్తారు. ఏం అడిగినా పెదాలు కదులుతాయి గానీ మాట బయటికి రాదు. ఈ రోజు గుండె కవాటం చెడిన ఒక రోగి దగ్గర ఆ అమ్మాయి చేత స్టెతస్కోపు పెట్టించాను. "ఏమైనా వినపడుతోందా?" లేదని తలూపింది. వేలు పట్టుకుని చోటు మార్చాను. లేదు. రోగిని ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలి ఆపమన్నాను.

"మేడమ్! వినపడింది!"

వార్డంతా తిరిగి చూసింది. మందుల బండి తోస్తున్న హెడ్ సిస్టర్ ఆగిపోయి, "ఈ పిల్లకి గొంతుందా!" అంది.

మంచం మీది ఆవిడ ఊరుకోలేదు. "ఏం వినపడిందే తల్లీ? నా గుండె, నాకు తెలియకుండా మీరు మీరే వింటారేం?" అమ్మాయి గొట్టాలు తీసి ఆవిడ చెవులకు పెట్టింది. ఆవిడ చాలాసేపు విని, "చమురు పోయని కుట్టుమిషన్‌లా ఉందే" అంది. నేను పదేళ్లుగా చదివిన ఏ పుస్తకంలోనూ అంత బాగా చెప్పలేదు. మౌనవ్రతం ఆ మాటను అక్కడికక్కడే నోటు పుస్తకంలో రాసుకుంది.

గదికి వచ్చి ఈ పుస్తకం తీశాను.

ఇది నా నిర్ణయానికి సంబంధం లేని విషయం. జరిగింది కాబట్టి రాశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వైద్య విద్యార్థుల శిక్షణ చూసే డాక్టర్లందరికీ ఒక ప్రశ్నల కాగితం వచ్చింది. మీకు అందుతున్న సహాయమెంత, ఉద్యోగంలో సంతృప్తి ఎంత, అని. ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ మిషన్ మీద చొక్కా చేతులు అతుకుతోంది. తనకు చదవడం రాదు గానీ నేను ఏ కాగితం తెచ్చినా పైకి చదవాల్సిందే.

"ఈ పనికి వారానికి మీకు కేటాయించిన సమయం?"

"ఎంత?" అంది అమ్మ.

"సున్నా."

"ఊఁ."

"నిజంగా పడుతున్న సమయం? పద్నాలుగు గంటలు."

మిషన్ ఆగింది. "అంటే గుడ్డ ఇవ్వకుండా చొక్కా కుట్టమన్నారు, నువ్వు కుట్టిచ్చావు."

"అలా కాదమ్మా..."

"నీ ఒంటి మీది గుడ్డే చించి కుట్టుంటావు. సరే, తర్వాత?"

"మీకు సహాయంగా ఎంతమంది ఉన్నారు? ఎవరూ లేరు. ఈ పనిలో మీకు తృప్తి ఎంత, ఒకటి నుంచి ఐదు వరకూ."

రెండు పెట్టాలనుకున్నాను. చెయ్యి ఐదు మీదికి పోయింది. అమ్మకు అంకెలు వచ్చు. చూసింది.

"ఇదేంటే! ఏమీ ఇవ్వకపోయినా ఇంత సంతోషంగా ఉంటే వాళ్లకు ఇవ్వాలని ఎందుకు తోస్తుంది?"

"అడగందే అమ్మయినా పెట్టదంటారుగా," అన్నాను నవ్వుతూ.

"ఆ సామెత పుట్టించినవాడికి నాలాంటి అమ్మ దొరికుండదు. నేను అడక్కుండానే పెట్టాను. అలా పెట్టే నిన్ను పాడుచేశాను." మిషన్ మళ్లీ మొదలైంది.

ఐదు కొట్టేసి మూడు పెట్టాను. తర్వాత మూడు కొట్టేశాను. కాగితం ఇంకా పంపలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆరో వారం అభిప్రాయ పత్రాలు రేపు సాయంత్రానికి కావాలట. ముప్పై రెండు. రేపు ఓపీ కూడా ఉంది.

ఫిబ్రవరి 12, బుధవారం

అయిపోయాయి!

ఒక్కో విద్యార్థి వార్డులో ఎలా ఉన్నాడో, రోగులతో ఎలా మెలిగాడో నాలుగు వాక్యాలు రాయాలి. అది వాళ్ల రికార్డులో జీవితాంతం ఉంటుంది. పద్ధతి ప్రకారం ఏ విద్యార్థి ఏ డాక్టరు వెనక తిరిగాడో ఆ డాక్టరే రాయాలి. వాళ్లు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి నాకు పంపిస్తారు. "మీకు తెలుసుగా మేడమ్, మీరే రాసేయండి." రోగికీ రోగికీ మధ్య రెండేసి నిమిషాలు దొరికించుకుని రాశాను. ఆఖరివి పరీక్ష బల్ల మీద దుప్పటి తీసి, దాని మీద పెట్టుకుని రాశాను.

వేరే విభాగాల్లో అందరికీ "సంతృప్తికరం" అని ముద్ర వేస్తారు. నేను ఏ ఇద్దరికీ ఒకేలా రాయలేదు. అది మాత్రం గొప్పే. ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

ఫైలు హెడ్డుగారికి ఇచ్చాను. "అద్భుతం" అన్నారు. ఫైలుకు కట్టిన దారం అప్పటికింకా విప్పలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

మధ్యాహ్నం నా గది తలుపు చప్పుడైంది. ముందు రెండు చంకకర్రలు వచ్చాయి, వాటి వెనక నిచ్చెన వచ్చాడు. పొడుగని పిల్లలు పెట్టిన పేరు. ఎడమ కాలికి తొడ దాకా కట్టు.

"అరే, ఏమైంది? ఎప్పుడు పడ్డావు?"

"నెలయింది మేడమ్. జనవరిలో, రెండో వారం చివర. బైకు మీంచి. సెలవు కాగితం మీ బల్ల మీద పెట్టించానే..."

పెట్టించాడు. ఈసీజీ మెషీను కింద దొరికింది.

కూర్చోమంటే జారే కుర్చీలో కూర్చున్నాడు. కాలు చాపుకుని కిటికీ దాకా పోయి, అక్కడి నుంచే ఫోన్ తీసి, ఆఫీసువాళ్లు పంపిన తన అభిప్రాయ పత్రం చదివాడు. నేను రాసిందే.

"'వార్డులో చురుగ్గా తిరుగుతాడు. రోగుల దగ్గర ఎక్కువసేపు నిలబడి ఓపిగ్గా వింటాడు.' మేడమ్, దీన్ని మా అమ్మకు చదివి వినిపించాను. నెల రోజులుగా మంచినీళ్లు కూడా నేనే మంచం దగ్గరికి తెచ్చిస్తున్నాను కదరా, నాకు తెలియకుండా ఎప్పుడెళ్లి తిరిగొచ్చావు అని కొట్టబోయింది."

ఇద్దరం నవ్వాం. నిజంగానే పొట్ట పట్టుకుని నవ్వాను. అతను కుర్చీని నెట్టుకుంటూ బల్ల దాకా వచ్చాడు.

"మేడమ్, కోప్పడరుగా? ఒకటడగనా?"

"అడుగు."

"కాలు విరిగేదాకా రెండు వారాలు నేను వచ్చాను. రోజూ వచ్చాను. ఆ రెండు వారాల్లో మీరు నన్ను చూశారా?"

చార్టు చూసి చెబుతానన్నాను. "ఫర్వాలేదు మేడమ్," అని లేచాడు. తలుపు నేనే పట్టుకున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఒక్క పత్రం. ముప్పై రెండింటిలో ఒక్కటి. ఇద్దరు పొడుగువాళ్లు ఒకే బ్యాచ్‌లో ఉంటే ఎవరైనా తికమకపడతారు. నేను రాసింది రెండో పొడుగతని గురించి. సవరించి పంపేస్తే సరిపోతుంది. ఇంతకు మించి దీని గురించి ఆలోచించడం అనవసరం.

ఇద్దరు పొడుగువాళ్లు. ఎవరైనా తికమకపడతారు.

ఫిబ్రవరి 19, బుధవారం

రెండో పొడుగతను రోగి దగ్గర నిలబడగా కూడా నేను చూడలేదు.

పేర్ల పట్టిక ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాను. ఈ మనిషి ఒక రోగి మీద చెయ్యి వేయగా నా కళ్లతో చూశానా? చూసిన పేరు పక్కన చుక్క పెట్టాను. పందొమ్మిది చుక్కలు. మిగతా పదమూడు మంది గురించి కారిడార్లో విన్నదీ, ముఖం చూసి అనుకున్నదీ రాశాను. "శ్రద్ధ గలవాడు." "వినయశీలి." "నేర్చుకోవాలనే తపన ఉంది."

ఏ ఇద్దరికీ ఒకేలా రాయలేదని మొన్న మురిసిపోయాను. నిజమే. పదమూడు అబద్ధాలు పదమూడు రకాలుగా చెప్పాను. ముద్ర వేసేవాళ్లే నయం.

ఫిబ్రవరి 20, గురువారం

హెడ్డుగారి గదికి వెళ్లాను. ఆయన్ని వెనక అందరూ "చూద్దాంగారు" అంటారు. నేను ఎప్పుడూ అనను. (ఇప్పుడు రాశాను, అంతే.)

"రామ్మా, కూర్చో. నీ పత్రాలు డీన్‌గారు కూడా మెచ్చుకున్నారు."

"అందులో పదమూడు నిజం కాదు సార్."

కళ్లజోడు తీశారు. "నిజం కాదంటే?"

"ఆ పిల్లల్ని చూడకుండా రాశాను."

ఆయన హాయిగా నవ్వారు. "ఓస్, అంతేనా! అందరం అంతేగా అమ్మా. నువ్వు విద్యార్థిగా ఉన్నప్పుడు నీకు నేను రాశానే, అప్పుడు మాత్రం రోజూ నీ వెనక తిరిగానా?"

ఆ కాగితం మా ఇంట్లో ఉంది. అమ్మ దానికి ప్లాస్టిక్ అట్ట వేయించి బీరువాలో పెట్టింది. చదవలేకపోయినా ఏ వరసలో ఏముందో వేలు పెట్టి చూపిస్తుంది.

"ఫైలు వెనక్కి ఇప్పించండి సార్. మళ్లీ రాస్తాను."

"చూద్దాం."

"ఇప్పుడే కావాలి సార్."

నా గొంతే. గది తలుపు దగ్గర ఇంకెవరో అన్నట్టుగా వినపడింది. ఆయన సొరుగు తీసి, ఫైలు బల్ల మీద పెట్టారు. "ఇంత పట్టింపు పనికిరాదమ్మా. ఏమైనా నువ్వు కాబట్టి ఈ పని ఇంత ఇష్టంగా చేస్తున్నావు. ఇంకొకరైతే ఎప్పుడో దీనికి టైము ఇమ్మని అడిగేవాళ్లు, సాయానికి మనిషిని అడిగేవాళ్లు. నెలాఖరుకు ఆ జవాబు చెప్పడం మర్చిపోకు."

ఇంకొకరైతే అడిగేవాళ్లట! మెచ్చుకున్నారనుకుని సగం దూరం నవ్వుకుంటూ నడిచాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పదమూడు మందిలో ఐదుగురిని ఈ రోజు చూశాను. ఓపీకి నలభై నిమిషాలు ఆలస్యమైంది. రోగులు తిట్టారు. వాళ్ల తప్పు లేదు.

మిగతా వాళ్ల గురించి హెడ్ సిస్టర్‌ను అడిగాను. "సిస్టర్, వీళ్లు రోగులతో ఎలా ఉంటారో మీకేమైనా తెలుసా?"

"ఎవరు నిజంగా చేతులు కడుక్కుంటారో, ఎవరు కొళాయి తిప్పి చప్పుడు చేసి వస్తారో కూడా తెలుసు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"ఇన్నాళ్లూ మీరు అడిగారా?"

ఈ వారం అందరూ ఒకే పాఠం చెబుతున్నారు. నేను మొద్దు విద్యార్థిని కాబోలు.

ఫిబ్రవరి 23, ఆదివారం

నాన్న ఒక బడి ప్రహరీ కడుతున్నాడు. టీ ఫ్లాస్కు ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. నాన్న తాపీమేస్త్రీ, పైగా పని నేర్పుతాడు. ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకుంటున్నది నలభై దాటిన ఒకావిడ. ఇరవై ఏళ్లు ఇటుకలు మోసి మోసి, ఇంక మోయను, పేరుస్తానని వచ్చిందట.

"రండి డాక్టరుగారూ, మా గోడకు జ్వరమేమైనా ఉందేమో చూడండి," అన్నాడు నాన్న. ఆదివారాలు ఆయనకు నేను డాక్టరుగారినే.

గోడ నా మోకాలి దాకే లేచింది. "పొద్దున్నుంచి ఇంతేనా నాన్నా?"

"నేర్పే రోజు ఇంతే. నేనొక్కణ్నే అయితే నడుము దాకా వచ్చేది."

"కట్టించేవాళ్లు ఊరుకుంటారా?"

"వాళ్లకు ముందే చెప్పాను. 'అయ్యా, నా పక్కన నేర్చుకునే మనిషి ఉంది, రోజుకు ఇన్ని వరసలే అవుతాయి, ఇష్టమైతేనే' అని."

"ఒప్పుకోకపోతే?"

"మంచిది, ఒక్కణ్నే గోడ కడతాను. నేర్పను. రెండూ చేస్తానని గొప్పకు పోయి, ఆవిడ ఇటుక నేను చూడకుండా, నా ఇటుక నేను చూసుకోకుండా పెడితే? గోడ వంకరైతే కూలగొట్టి కట్టుకోవచ్చు. చెయ్యి వంకరపోతే ఆ మనిషి బతుకంతా వంకర గోడలే కడుతుంది."

"అలా అడగడానికి నీకు బెరుకుండదా?"

నాన్నకు ప్రశ్న అర్థం కాలేదు. "బెరుకెందుకు? నేనేమన్నా నాకోసం అడుగుతున్నానా? గోడకు ఎంత పడుతుందో అదే చెబుతున్నాను."

ఆవిడ తాపీతో సున్నితంగా అంచు గీకుతూ నవ్వింది. "మీ నాన్న తిట్టాడంటే పక్క వీధి కుక్కలు కూడా లేచి నిలబడతాయి డాక్టరమ్మా. కానీ నేను పెట్టిన ప్రతి ఇటుకనీ చూశాకే తిడతాడు. అందుకే పడి ఉంటున్నాను."

"మాటలాపి ఆ మూల చూడు," అన్నాడు నాన్న. ఆవిడ చూసింది. ఇటుక తీసి, మళ్లీ పెట్టింది. నాన్న వంగి, ఒక కన్ను మూసి, అంచు వెంబడి చూశాడు. తిట్టలేదు. ఆవిడ ముఖం గుండె చప్పుడు విన్న నాటి మౌనవ్రతం ముఖంలా వెలిగింది.

నేను వదిలేయాలనుకోవడం లేదు. ఎప్పుడూ అనుకోలేదు కాబోలు. అడగడం కంటే వదిలేయడం తేలిక కాబట్టి ఆ మాటే రాస్తూ వచ్చాను. మొదటి రోజు నుంచీ.

ఫిబ్రవరి 24, సోమవారం

ఉదయం ఎనిమిదీ పదికి ఈ ఉత్తరం హెడ్డుగారి చేతికి ఇచ్చాను. అందినట్టు సంతకం కూడా పెట్టించుకున్నాను. సంతకం అడిగినప్పుడు చెవులు వేడెక్కాయి, అయినా అడిగాను. అందులో ఏం రాశానో ఎప్పటికీ మర్చిపోకుండా ఉండటానికి నకలు ఇక్కడ రాసుకుంటున్నాను.

గౌరవనీయులైన హెడ్డుగారికి,

విద్యార్థుల బాధ్యత వచ్చే ఏడాది నేనే చూస్తానా అని మీరు అడిగారు. నా జవాబు మీ జవాబు మీద ఆధారపడి ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఈ పని నాకు ఇష్టం. ఒక విద్యార్థి మొదటిసారి ఒక గుండెను సరిగ్గా విన్న రోజు నాకు ఇంకే జీతమూ గుర్తుండదు. ఇష్టం కాబట్టే ఏమీ అడగకుండా నెట్టుకొచ్చాను. అలా నెట్టుకొచ్చి, ముప్పై రెండు పత్రాల్లో పదమూడింటిని చూడకుండా రాశాను. అది నా తప్పు. ఆ పదమూడింటినీ ఈ శుక్రవారం లోపల సరిచేసి ఇస్తాను. ఇంకా చూడలేనివాళ్లు ఎవరైనా మిగిలితే "చూడలేదు" అనే రాస్తాను. అలాంటి పత్రాన్ని తిప్పి పంపవద్దని మనవి.

ఇకపై ఈ పని సరిగ్గా జరగాలంటే మూడు కావాలి. వారానికి రెండు పూటలు నాకు ఓపీ ఉండకూడదు. ఆ రోగుల్ని ఎవరు చూస్తారో ముందే రాసిపెట్టాలి, వాళ్లను వరండాలో వదిలేసి రావడం నాకు ఇష్టం లేదు. చార్టులు, సెలవు కాగితాలు, ఫోన్లు చూసుకోవడానికి ఒక గుమాస్తా కావాలి, సగం రోజుకైనా సరే. ఇక ఖాళీ పత్రం మీద సంతకం పెట్టి పంపే పద్ధతి ఆగిపోవాలి. ఎవరు చూశారో వాళ్లే రాయాలి, వార్డు నర్సుల మాట కూడా అందులో ఉండాలి.

ఇవి నా సౌకర్యం కోసం కావు. ముప్పై ఇద్దరికి నేర్పడానికి ఎంత పడుతుందో అంతే రాశాను. ఇవి కుదిరితే వచ్చే ఏడాదే కాదు, మీరు వద్దనేదాకా చేస్తాను. కుదరకపోతే రోగుల్ని చూసుకుంటాను, ఈ బాధ్యత సంతోషంగా ఇంకొకరికి అప్పగిస్తాను. నాకు కోపమేమీ ఉండదు. కుదరకపోయినా నేర్పుతున్నట్టు కనిపించడం మాత్రం ఇక నా వల్ల కాదు.

కొత్త బ్యాచ్ మార్చి మూడో తేదీ ఉదయం ఎనిమిదింటికి వార్డు ముందు నిలబడుతుంది. తమను చూడబోయే మనిషి ఎవరో ఆ పిల్లలకు ముందే తెలియాలి. కాబట్టి ఫిబ్రవరి 28, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలలోపు, అవుననైనా కాదనైనా, మీ జవాబు కాగితం మీద ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.